చంటిబిడ్డతో బెంగళూరు కాపురం: సర్జాపూరా, వైట్‌ఫీల్డా, జయనగరా?

మా ఆయనకు బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీదున్న ఆఫీసుకు బదిలీ అయ్యేసరికి మా బాబుకి ఐదో నెల. అది 2024 జనవరి. నేను హైదరాబాదులో సామాన్లు సర్దుతుంటే, ఇల్లు వెతికే పని ఆయన మీద పడింది. రెండు శని, ఆదివారాలు వచ్చి ఆఫీసుకు ఐదు కిలోమీటర్ల లోపలున్న ఫ్లాట్లన్నీ చూశారు. సర్జాపూర్ రోడ్డు నుంచి లోపలికి వెళ్తే ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో పదకొండో అంతస్తు దొరికింది. స్విమ్మింగ్ పూల్, జిమ్, పిల్లల ఆటస్థలం, లిఫ్టులకు జనరేటర్ బ్యాకప్, అన్నీ ఉన్నాయి. పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసిన మర్నాడే ఖాళీ చేసేశాం.

ఇల్లు చెడ్డదేం కాదు, మేం వేసుకున్న లెక్కే తప్పు. ఆఫీసుకు వెళ్లే మనిషి రోజుకు రెండుసార్లు రోడ్డెక్కుతాడు. బిడ్డతో ఉండిపోయే మనిషికి పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆ ఇల్లే, ఆ వీధే. ఆ మనిషిని నేను. ఆఫీసు ఎంత దూరం అని కాకుండా, పిల్లాడిని చంకనేసుకుని పది నిమిషాలు నడిస్తే ఏం దొరుకుతుందని ఆరోజు ఎవరైనా అడిగి ఉంటే, మేం ఆ ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేవాళ్లం కాదు.

పది నిమిషాల్లో దొరకాల్సినవి పెద్ద కోరికలేం కావు. సాయంత్రం పూట కూర్చునే పిల్లల డాక్టరు, రాత్రి పది దాకా తెరిచుండే మందుల షాపు, కూరగాయల బండి, కాస్త నీడ ఉన్న నడిచే దారి, మాట కలిపేందుకు ఒకరిద్దరు మనుషులు, అంతే. మొదటి ఏడాదిలో టీకాల కోసమే ఎన్నిసార్లు వెళ్లాలో చూడండి: పుట్టగానే వేసేవి పోగా 6, 10, 14 వారాలకు, తర్వాత తొమ్మిదో నెలకు. ప్రైవేటు డాక్టరు దగ్గరైతే ఆరో నెలలో ఫ్లూ టీకా, పన్నెండో నెలలో హెపటైటిస్-ఎ కూడా కలుస్తాయి. జలుబులు, విరేచనాలు, పళ్లొచ్చేటప్పటి చికాకులు వీటికి అదనం. మే నెలలో మా వాడికి తొమ్మిదో నెల టీకా వేయించిన వారానికి జ్వరం వచ్చింది. సరిగ్గా ఆ సాయంత్రమే వాన. క్లినిక్ నాలుగు కిలోమీటర్లు. క్యాబ్ బుక్ అయ్యేసరికి ఇరవై నిమిషాలు, చేరేసరికి ఇంకో యాభై. జ్వరం మామూలుదే, మర్నాటికి తగ్గింది. నా టెన్షన్ మాత్రం అంత తొందరగా తగ్గలేదు.

ముందు నీళ్లు

ఏరియాల సంగతి తర్వాత. బెంగళూరులో బిడ్డతో ఉండబోయేవాళ్లు ముందు అడగాల్సింది నీళ్ల గురించి. మేం దిగిన నెలన్నరకే నీటి కటకట మొదలైంది. మా అపార్ట్‌మెంట్ బోర్లలో రెండు ఎండిపోయాయి, పూటకు ఇన్ని గంటలని నీళ్లు వదిలేవారు. కారు కడగడానికి తాగునీళ్లు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఆ మార్చిలో జలమండలి ప్రకటించింది. మాకు కారు బెంగ లేదు. రోజుకు పదిహేను లంగోటీలు, నాలుగు పక్కగుడ్డలు ఎలా ఉతకాలన్నదే మా బెంగ. ట్యాంకర్ నీళ్లు ఒకరోజు ఒకలా ఉంటే మర్నాడు ఇంకోలా ఉండేవి. సబ్బు నురగ రాదు, కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర. బాబు ఒళ్లంతా పొడిబారి పొట్టు లేచేది. నీళ్ల వల్లేనని డాక్టరుగారు తేల్చి చెప్పలేదు కానీ, తెనాలి వెళ్లి పది రోజులున్నప్పుడు దానంతటదే తగ్గింది.

ఈ నగరానికి కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల అవతల నుంచి పంపు చేస్తే వస్తాయి. జయనగర్, బసవనగుడి, మల్లేశ్వరం, రాజాజీనగర్ లాంటి పాత పేటలకు పైపులు ఎప్పటి నుంచో ఉన్నాయి. రోజు మార్చి రోజు వచ్చినా, సంపులో నింపుకుంటే సరిపోతుంది. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల సంగతి వేరు. చాలా ఏళ్లు అక్కడ బోరు లేదంటే ట్యాంకరు, అంతే. వాళ్ల కోసమే 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలుపెట్టారు, రోజుకు 77.5 కోట్ల లీటర్ల లెక్కన. ఇప్పుడు పరిస్థితి మెరుగే. అయితే వీధిలో పైపు ఉన్నంత మాత్రాన మీ కుళాయిలోకి నీళ్లు వచ్చేసినట్టు కాదు. అపార్ట్‌మెంట్ వాళ్లు డబ్బు కట్టి కనెక్షన్ తీసుకోవాలి. అందుకని "కావేరి ఉందా?" అని అడగకండి, అందరూ ఉందనే అంటారు. "కనెక్షన్ తీసుకున్నారా, రోజుకు ఎంతసేపు వస్తుంది, పోయిన మార్చిలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు?" అని అడగండి. అదీ బ్రోకర్‌ని కాదు, గేటు దగ్గర ఇస్త్రీ బండి ఆయన్ని. బ్రోకర్ నీళ్లు నమిలే చోట ఇస్త్రీ ఆయన లెక్కతో సహా చెప్తాడు.

సర్జాపూర్ రోడ్డు, బెళ్లందూరు, హెచ్ఎస్ఆర్

మొదటి రెండిటినీ ఒక గాటన కట్టొచ్చు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌ని మాత్రం విడిగా చూడాలి. సర్జాపూర్ రోడ్డు, బెళ్లందూరు వైపు గేటు లోపల ఒక ఊరు, గేటు బయట ఇంకో ఊరు. లోపల స్ట్రోలర్ నడిపించుకోవచ్చు, సాయంత్రం ఆరింటికి నలభై మంది పిల్లలు కిందికి దిగుతారు. మా బాబు వయసు వాళ్లే అక్కడ ఆరుగురు ఉండేవారు, వాళ్ల అమ్మలతో వాట్సాప్ గ్రూపు కూడా నడిచేది. ఇప్పటికీ ఆ ఇంటి విషయంలో నేను మిస్ అయ్యేది అదొక్కటే. గేటు దాటితే మాత్రం ఫుట్‌పాత్ అనేది అక్కడక్కడా కనిపిస్తుంది, ఉన్నచోట దాని మీద బైకులు పోతుంటాయి. కైకొండ్రహళ్లి చెరువు చక్కగా బాగు చేశారు, అయినా అక్కడికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఎంతమంది ఉంటారు?

వాన ఇంకో సమస్య. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యమలూరు, సర్జాపూర్ రోడ్డు లేఅవుట్లలో నీళ్లు నిలిచి జనాన్ని పడవల్లో, ట్రాక్టర్లలో బయటికి తీసుకొచ్చారు. కోట్లు పెట్టి కొన్న విల్లాల వాళ్లు కూడా అందులో ఉన్నారు. చూడ్డానికి వెళ్లినప్పుడు బేస్‌మెంట్ గోడ మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూసి రండి. చెరువు పక్క ఇల్లంటే ప్రకటనలో "లేక్ వ్యూ", మనకు దోమలు. డెంగీని కర్ణాటక ప్రభుత్వం 2024లో అంటువ్యాధిగా ప్రకటించాల్సి వచ్చింది. ఏ ఏరియా అయినా సరే, కిటికీలన్నిటికీ దోమతెర బిగించాకే తాళం తీసుకోండి. "వచ్చాక వేయిస్తాం" అన్న ఓనర్ వేయించగా నేను చూడలేదు.

రింగ్ రోడ్డులోనే ఆఫీసు, మారే వీల్లేదు అనేవాళ్లకు నా సలహా హెచ్ఎస్ఆర్. ప్లాను గీసి కట్టిన లేఅవుట్ కాబట్టి సెక్టారుకో పార్కు ఉంది, అగర చెరువు దగ్గర్లోనే ఉంది, డాక్టర్లు, డేకేర్లు వీధి వీధికీ ఉన్నాయి. అద్దె కుట్టకుండా ఉండదు. అదే డబ్బుకు బెళ్లందూరులో మూడు గదులొస్తే ఇక్కడ రెండే వస్తాయి. ఆ మూడో గదిలో మేం ఏం పెట్టామనుకున్నారు? హైదరాబాదు నుంచి తెచ్చి విప్పని అట్టపెట్టెలు.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కేఆర్ పురం

తెలుగువాళ్లకు ఇది సగం సొంతూరే. మా పిన్ని కూతురు కాడుగోడిలో ఉంటుంది. వాళ్లింట్లో పనమ్మాయి చిత్తూరు వైపు మనిషి, పాలబ్బాయి తెలుగు, కింద ఫ్లాటు వాళ్లది గుంటూరు. మారతహళ్లి, మున్నేకొళాల వైపు పాత ఊళ్ల ఓనర్లలో ఇంట్లో తెలుగే మాట్లాడే రెడ్లు చాలామంది ఉన్నారు. ఇడ్లీ రవ్వ, నూకలు, గోంగూర, ఆవకాయ కారం, దేనికీ తడుముకోనక్కర్లేదు. బిడ్డను చూసుకోవడానికి ఊరి నుంచి అమ్మో అత్తగారో వస్తారనుకుంటే ఇది చిన్న విషయం కాదు. మా అమ్మ సర్జాపూర్ ఇంట్లో మూడు నెలలుంది. ఆ మూడు నెలల్లో నాతో, బాబుతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి లిఫ్టులో ఎవరైనా ఎక్కితే వాళ్ల ముఖం చూసి తెలుగువాళ్లా కాదా అని అంచనా వేసేది.

పెద్దవాళ్లు ఎక్కడ దిగుతారన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, తెనాలి, నెల్లూరు వైపు నుంచి వచ్చే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కేఆర్ పురంలో ఆగుతుంది. స్టేషన్ బయటే పర్పుల్ లైన్ మెట్రో. 2023 అక్టోబరు నుంచి ఆ లైను వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా తెగకుండా నడుస్తోంది. గుంటూరు, నంద్యాల మీదుగా వచ్చే ప్రశాంతికి యలహంకలో దిగడం సులువు. కాచిగూడ వందేభారత్ యశ్వంతపూర్ దాకా వస్తుంది. అర్ధరాత్రి కబురు పెడితే మర్నాటికి అమ్మ మీ ఇంట్లో ఉండగలదా అన్నది, బిడ్డకి ఒంట్లో బాగోనప్పుడు స్విమ్మింగ్ పూల్ కంటే ఎక్కువ ముఖ్యం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మారతహళ్లి మెయిన్ రోడ్డు హారన్ల మోతలో బిడ్డ పగలు నిద్రపోవడం కష్టం. రింగ్ రోడ్డు పొడవునా సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా మెట్రో పనులు, ఆ దుమ్ము. మున్నేకొళాల వైపు ఇరుకు సందుల్లో పక్కింటి గోడ చేతికి తగిలేంత దగ్గర. గదిలోకి ఎండ రాదు. బెంగళూరులో ఎండ రాని ఇల్లంటే జూన్ నుంచి అక్టోబరు దాకా ఉతికిన గుడ్డలు మూడు రోజులైనా ఆరవని అర్థం. మా చెల్లి ఆ నెలల్లో ఇస్త్రీ పెట్టెతో లంగోటీలు ఆరబెట్టింది. ఈ వైపు చూసేవాళ్లు మెట్రో స్టేషనుకు నడిచే దూరంలో, మెయిన్ రోడ్డుకు రెండు వీధులు లోపలికి, తూర్పు బాల్కనీ ఉన్న ఇల్లు పట్టుకుంటే ఈ ఏరియా లాభాలన్నీ మిగులుతాయి. పెద్ద పిల్లల ఆసుపత్రులకు కూడా ఇక్కడ కొదవలేదు.

జయనగర్, జేపీ నగర్, బసవనగుడి

ఇప్పుడు మేం ఉంటున్నది జయనగర్లో, ఒక పాత ఇంటి మొదటి అంతస్తులో. కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుంది, తగ్గించుకుని చదవండి.

ఇక్కడ పిల్లాడిని ఎత్తుకుని బయటికి వెళ్తే చెట్టు నీడ ఉంటుంది. ఫుట్‌పాత్ అక్కడక్కడా విరిగినా కంటికి కనిపిస్తుంది. పిల్లల డాక్టరు మూడో వీధిలో, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఉంటారు. నాలుగో బ్లాకు మార్కెట్లో దొరకనిది లేదు. లాల్‌బాగ్ ఆటోలో పది నిమిషాలు, 240 ఎకరాల తోట. బాబు అక్కడే పచ్చిక మీద మొదటిసారి పరిగెత్తాడు, పడ్డాడు, మట్టి తిన్నాడు. పిల్లల కోసమే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి, ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్, నిమ్హాన్స్ పక్కన, మాకు ఆటో దూరంలోనే ఉంది.

బాలింతలకు, పసిపిల్లలకు ఈ పాత పేటల్లో ఇంకో సౌకర్యం ఉంది. బిడ్డకు నూనె రాసి, నీళ్లు పోసి, సాంబ్రాణి వేసే పెద్దావిడలు ఇక్కడ ఇంకా ఉన్నారు. కన్నడలో బాలింతను బాణంతి అంటారు. కూరగాయల ఆవిడని అడిగితే చాలు, బాణంతి పనులు తెలిసినావిడ ఎక్కడుంటుందో చెప్తుంది. సర్జాపూర్లో నేను దీనికి యాప్‌లో వెతికాను. మాటల్లో పడి ఇంకోటి చెప్పాలి. కన్నడలో పసిబిడ్డ ఆడైనా మగైనా "పాపు". వీధిలో అందరూ మా వాడిని "పాపు, పాపు" అని ముద్దు చేస్తుంటే, మా అమ్మ వచ్చిన మొదటి వారమంతా "పాప కాదమ్మా, బాబు" అని ఒక్కొక్కరికీ సరిదిద్దుతూ తిరిగింది.

ఇక చేదు. మేం ఆరు ఇళ్లు చూస్తే నాలుగింట్లో మొదటి ప్రశ్న "మీరు వెజ్జా?". తెనాలి వాళ్లం, చేపలు తింటాం అని చెప్పగానే మాట మారిపోయేది. మా ఇప్పటి ఓనరమ్మ మాత్రం బాబుకి గుడ్డు పెట్టమన్నారు డాక్టరు అంటే కాసేపు ఆలోచించి, "గుడ్డు సరే, చేప వద్దు" అన్నారు. మేం చేప బయట తింటున్నాం. అబద్ధం చెప్పి దిగకండి, బిడ్డతో నెల తిరక్కుండా ఇల్లు మారడం కంటే ముందే చెప్పేయడం మేలు. పాత ఇళ్లకు లిఫ్టు ఉండదు. స్ట్రోలర్ ఒక చేత్తో, బిడ్డ ఇంకో చేత్తో మెట్లెక్కాలి, కాబట్టి మొదటి అంతస్తు దాటి పైకి వద్దు. కరెంటు పోతే జనరేటర్ లేదు, ఇన్వర్టర్ మనమే పెట్టుకోవాలి. మేడ మీద సోలార్ హీటర్ ఉంటుంది, మబ్బు పట్టిన వారమంతా అది అలంకారమే. వానాకాలంలో గోడలకు చెమ్మ. బాబు ఈడు పిల్లలు వీధిలో ఇద్దరే, వాళ్ల కోసం పార్కుకు వెళ్లాలి.

మరి ఆఫీసు? మొదటి ఎనిమిది నెలలు మా ఆయన పొద్దున్న ఏడింటికే బయలుదేరి, రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చారు. ఆ ఎనిమిది నెలల్లో మా ఇంట్లో జరిగిన గొడవలన్నిటికీ సిల్క్ బోర్డు జంక్షనే కారణం. 2025 ఆగస్టు 10న ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్రకు ఎల్లో లైన్ మెట్రో మొదలైంది. మొదట్లో 25 నిమిషాలకో రైలు. అయినా సిల్క్ బోర్డు దాకా రైలులో వెళ్లి, అక్కడ బస్సెక్కితే మనిషికి కాస్త ప్రాణం లేచొచ్చినట్టే అయింది. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకు మాత్రం జయనగర్ చెప్పను. రోజూ ఆ దూరం తిరిగితే నాన్న బిడ్డను నిద్రలో తప్ప చూడడు.

మిగతావి, క్లుప్తంగా

ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ అయితే అక్కడే ఉండండి. ఎల్లో లైన్ వచ్చాక అది ఊరికి దూరం అనే మాట చెల్లదు, బొమ్మసంద్ర దగ్గర నారాయణ హెల్త్ సిటీ ఉంది, అద్దెలు ఓపగలిగేలా ఉంటాయి. మల్లేశ్వరం అన్ని విధాలా జయనగర్‌కి అక్కలాంటిది. సాంకీ చెరువు గట్టు, పక్కనే వయ్యాలికావల్లో టీటీడీ గుడి, తెలుగు విజ్ఞాన సమితి, యశ్వంతపూర్ స్టేషను దగ్గర. ఇల్లు దొరకడమే గగనం. యలహంక న్యూటౌన్ విశాలంగా, ప్రశాంతంగా ఉంటుంది, అనంతపురం, హిందూపురం వైపు వాళ్లకు ఊరు దగ్గర, మాన్యత టెక్ పార్కు వైపు ఆఫీసైతే ఇదే సరి. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో ఏరో ఇండియా జరిగే వారం మాత్రం బిడ్డను తీసుకుని ఊరెళ్లిపోండి. ఇంటి మీంచి యుద్ధవిమానం పోతుంటే ఏ జోలపాటా పనిచేయదు.

స్కూలు కాదు, డేకేర్

బిడ్డ ఇంకా బోర్లా పడకముందే "అక్కడ స్కూళ్లు బాగుంటాయి" అనే సలహాలు మొదలవుతాయి. అగ్రిమెంటు పదకొండు నెలలు, స్కూలుకు ఇంకా మూడేళ్లు. ఆ మాట పక్కన పెట్టేయండి. చూడాల్సింది డేకేర్. ప్రసూతి సెలవు 26 వారాలు, అయిపోతే అమ్మ ఉద్యోగానికి వెళ్లాలి. 2017 చట్ట సవరణతో వచ్చిన నియమం ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. చాలామంది ఆఫీసు పక్కనే క్రెష్ ఉంటే అదృష్టం అనుకుంటారు. ఇంటి నుంచి అరగంట లోపైతే నిజంగా అదృష్టమే. గంటన్నర ట్రాఫిక్ అయితే ఆ ప్రయాణం బిడ్డ కూడా చేయాలి, కారు సీట్లో, రోజుకు రెండుసార్లు. నేనైతే ఇంటి దగ్గరిదే ఎంచుకుంటాను. అమ్మ ఆలస్యమైతే నడిచి వెళ్లి తెచ్చుకునే మనిషి ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండాలి. చాలా డేకేర్లు సాయంత్రం ఆరున్నర, ఏడింటికి తలుపులు వేసేస్తాయి.

చూడ్డానికి వెళ్లే రోజు

ఆదివారం పొద్దున్న వెళ్లకండి. ఆదివారం పొద్దున్న బెంగళూరంతా బాగుంటుంది. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరున్నరకు, కుదిరితే వాన పడ్డాక వెళ్లండి. ఆ టైములో ఇంటి నుంచి డాక్టరు దగ్గరికి ఒకసారి నిజంగా వెళ్లి రండి, మ్యాప్‌ని నమ్మకుండా. బాల్కనీ గ్రిల్ సందులో మీ పిడికిలి పడుతుందేమో చూడండి. పైన కడుతున్న ఇల్లుందా, పక్కన ఖాళీ స్థలం ఉందా, కల్యాణ మంటపం ఉందా అని వీధి చివరి దాకా నడవండి. మంటపం పక్కింట్లో ముహూర్తాల నెలల్లో బిడ్డకు నిద్ర ఉండదు, మీకూ ఉండదు.

అడ్వాన్స్ ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్లు, ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు బేరం కుదురుతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ, గోడ మీద బిడ్డ గీతలున్నా లేకపోయినా. లాక్-ఇన్, అంటే మధ్యలో ఖాళీ చేయకూడని గడువు, ఆరు నెలలు రాస్తే మూడుకు తగ్గించమని అడగండి. సర్జాపూర్లో మేం మార్చిలోనే బయటపడాలనుకున్నాం, లాక్-ఇన్ వల్ల ఆగిపోయాం. అది తీరేసరికి వానలు, ఆ తర్వాత ఎలాగూ ఇంకెన్ని నెలలులే అనుకున్నాం. ఇప్పటి ఇంటికి అగ్రిమెంటు రాసేటప్పుడు ఓనరమ్మ లాక్-ఇన్ అంటే ఏమిటని అడిగారు. మా ఆయన ఏమీ లేదండి అని పెన్ను అందించారు.